లిఫ్టు గోతిలో కప్పలు

తాళంచెవి భోజనాల బల్ల మధ్యలో ఉంది. దాని చుట్టూ నలుగురు మనుషులు, నాలుగు చల్లారిన టీ గ్లాసులు.

ఇంటి తాళంచెవి కాదది. వేలెడంత ఇనప ముక్క, చివర మూడు మూలల రంధ్రం. ఆగిపోయిన లిఫ్టు తలుపుని బయటినుంచి తెరవాలంటే అదొక్కటే దారి. లిఫ్టు మెకానిక్కులు తప్ప వేరేవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు. ఈ ఇంటి యజమాని లిఫ్టు మెకానిక్కే. ముప్పై ఏళ్ళుగా ఆ తాళంచెవి ఆయన పనిసంచీ ఎడమ జేబులోనే ఉంటోంది. గంట క్రితం అది ఆయన కూతురి చేతిలో దొరికింది.

"అసలు సంచీ ఇంట్లో ఎందుకు పెడతారండీ?" అంది భార్య.

"ఇంట్లో కాక ఇంకెక్కడ పెట్టను?"

"ఆఫీసులో పెట్టండి. మీ నెత్తిన పెట్టుకోండి. పిల్ల చేతికి అందేలా మాత్రం..."

మిగతా మాట మింగేసింది. ఈ ఇంట్లో నెలన్నరగా మింగిన మాటలన్నీ పోగేస్తే ఒక పుస్తకం అవుతుంది. మింగిన మాటేమిటో నలుగురికీ తెలుసు. పైకి అనే దమ్ము మాత్రం ఎవరికీ లేదు.

కూతురు టీ గ్లాసు మీద కట్టిన మీగడని వేలితో పక్కకి నెడుతోంది. పుట్టినప్పుడు మరీ ఇంతే ఉందని నాయనమ్మ ముద్దుగా "గుప్పెడు" అని పిలిస్తే, ఇరవయ్యారేళ్ళు వచ్చినా ఆ పేరే మిగిలింది. ఆపదలో ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తే ఉద్యోగం ఆమెది. నెలన్నర క్రితం ఒక ఆడమనిషి ఫోన్ చేసి సగంలో మాట ఆపేసింది. అంబులెన్సు వెళ్ళేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ గుప్పెడు "లైన్లోనే ఉన్నానండీ, చెప్పండి" అంటూనే ఉంది. అవతలినుంచి ఊపిరి కూడా వినపడలేదు. మర్నాటినుంచి సెలవు. ఫోను మోగితే చాలు, చేతులు చల్లబడిపోతాయి.

గంట క్రితం ఏం జరిగిందంటే, తల్లి కుట్టి ఇవ్వాల్సిన ప్యాంట్లు పట్టుకుని కిందికి దిగింది. ఆమె దర్జీ. మెళ్ళో కొలతల టేపు లేకుండా ఆమెని చూసినవాళ్ళు ఆ బిల్డింగులో లేరు. కింది అంతస్తులో రెండో లిఫ్టు తలుపు తెరిచి ఉండడం చూసింది. రెండో లిఫ్టు పేరుకే. బిల్డింగు కట్టినవాడు సగంలో వదిలేసి పోయాడు. తలుపులు ఉన్నాయి, పెట్టె లేదు. ఆరంతస్తుల ఖాళీ సొరంగం, అడుగున గొయ్యి, గోతిలో వాన నీళ్ళు.

ఆ తలుపు దగ్గర, చీకట్లోకి కాళ్ళు వేలాడేసుకుని, కూతురు కూర్చుని ఉంది.

తల్లికి పైప్రాణాలు పైనే పోయాయి. కేక వేస్తే ఉలిక్కిపడి జారుతుందేమోనన్న తెలివి ఆ క్షణంలో ఎక్కడినుంచి వచ్చిందో గాని, వెనకనుంచి మెల్లగా వెళ్ళి, చంకల కింద చేతులు వేసి మెట్ల దాకా ఈడ్చుకొచ్చింది. ప్యాంట్లు అక్కడే పడి ఉన్నాయి, ఇప్పటికీ.

అడిగితే కూతురు చెప్పింది ఒకటే. "కప్పల్ని వింటున్నానమ్మా."

"కప్పలట," అంది తల్లి ఇప్పుడు, బల్ల మీద చెయ్యి ఆనించి. "వింటున్నారా అత్తయ్యా? కప్పలట."

"విన్నానే. నాకు ఒక చెవే పోయింది, రెండోది బాగానే ఉంది," అంది నాయనమ్మ. "ఏమే గుప్పెడూ, మనింట్లో ఇంతమందిమి అరుస్తుంటే చాలక కప్పల దగ్గరికి పోయావా?"

గుప్పెడు పెదాలు కొంచెం కదిలాయి. నవ్వే. తల్లి మాత్రం చూడలేదు, గోడ గడియారం వైపు చూస్తోంది.

"డాక్టరుగారికి ఫోన్ చేశాను. అయిదింటికి తీసుకురమ్మన్నారు. రెండు జతల బట్టలు కూడా తెమ్మన్నారు, అవసరమైతే అక్కడే ఉంచుకుంటారట. ఈలోగా ఆ గోతిలో నీళ్ళు తోడించండి. ఆ తలుపు మళ్ళీ తెరుచుకోకుండా బిగించెయ్యండి. మీ చేత్తోనే బిగించండి."

"నీళ్ళు తోడకమ్మా," అంది కూతురు. "తోడితే చచ్చిపోతాయి."

చచ్చిపోవడం అన్న మాట ఆ గదిలో ఎవరో ఒకరు పైకి అనడం నెలన్నరలో అదే మొదలు. అన్నది కప్పల గురించే. అయినా ముగ్గురు పెద్దవాళ్ళూ ఒక్కసారే టీ గ్లాసులు అందుకున్నారు.

*

వంటగదిలో మొగుడూ పెళ్ళాలు గొంతులు తగ్గించి పోట్లాడుకున్నారు. గొంతు తగ్గించి పోట్లాడడం కష్టం, గిన్నెలే ఎక్కువ చప్పుడు చేస్తాయి.

"అయిదడుగుల గొయ్యి అది," అన్నాడాయన. "అందులో మూడడుగులు నీళ్ళు. పడితే బట్టలు తడుస్తాయి. నువ్వు ఊరికే..."

"నేను ఊరికేనా? చీకట్లో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న కూతుర్ని చూసింది మీరు కాదు, నేను. ఇవాళ అయిదడుగులు. రేపు?"

ఆయన కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు.

"పదిరోజులనుంచి తింటోంది, పడుకుంటోంది. నా చేతి వంట ఒంటబట్టింది అనుకున్నాను. మాత్రలు పనిచేస్తున్నాయి అనుకున్నాను. పక్కింటావిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఇదా ఆ సంగతి?"

"తింటోంది కదా. అది మంచిదే కదా."

"మీరసలు తండ్రేనా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఎందుకంటే ఆయన కడుపులో నాలుగు రోజులుగా ఒక సంగతి ఉంది, భార్యకి చెప్పనిది.

నాలుగు రోజుల క్రితం, పనిచేసే లిఫ్టుకి నూనె పెట్టడానికి ఆయన ఆరో అంతస్తుకి ఎక్కాడు. అలవాటుకొద్దీ పక్కనున్న పెట్టెలేని లిఫ్టు తలుపు వైపూ చూశాడు. ఏడేళ్ళ దుమ్ము ఆ గడప మీద. ఆ దుమ్ములో తలుపు జరిగిన గీత, గీత ఇవతల రెండు పాదాల గుర్తులు. చెప్పులు లేని చిన్న పాదాలు. రంగులు వేసేవాళ్ళు వచ్చి ఉంటారు అనుకున్నాడు. బిల్డింగుకి రంగులు వేసి మూడేళ్ళయిందని ఆయనకి తెలియక కాదు. జేబురుమాలు తీసి ఆ గడప తుడిచేశాడు. ఎందుకు తుడిచాడో ఇప్పటికీ ఆయనకే తెలియదు.

పాడైన భాగం ఏదో కనిపెట్టి మార్చేస్తే ఏ యంత్రమైనా దారికొస్తుందని ఆయన నమ్మకం. కూతురి విషయంలో ఏ భాగమో వెతకడానికే భయం వేసింది.

"మోటారు తెస్తాను," అన్నాడు చివరికి. "తోడేస్తాను."

"మన కిటికీలోంచి వైరు దింపండి. స్విచ్చి దగ్గర నేనుంటాను. గొట్టం సర్దగానే కేకెయ్యండి, వేస్తాను. పది నిమిషాల్లో మీ కేక వినపడకపోతే నేనే వేసేస్తాను, చెప్తున్నాను."

*

వాన వెలిసి అరగంటయింది. మోటారుని తాడుతో గోతిలోకి దించి, గొట్టం మురుగుకాలవ వైపు సర్దుతుంటే వెనకనుంచి చెప్పుల చప్పుడు.

"పిల్లా, నువ్వు కిందికి రాకూడదు. అమ్మ చూస్తే చంపేస్తుంది."

"నాయనమ్మ పంపింది. సూదిలో దారం ఎక్కించమని అమ్మని కబుర్లలో పెట్టింది." గుప్పెడు తలుపు పక్కన నిలబడింది. "పది నిమిషాలు కూర్చో నాన్నా నాతో. తరవాత నీ ఇష్టం."

ఆయన తన నడుముకున్న పనిబెల్టు విప్పాడు. కూతురి నడుముకి కట్టి, రెండుసార్లు లాగి చూసి, కొక్కేన్ని గోడలోని ఇనప కమ్మీకి తగిలించాడు. తను పెట్టుకోలేదు.

"నేను పడను నాన్నా."

"నా తృప్తికి."

ఇద్దరూ గడప మీద కూర్చున్నారు. కింద నల్లటి నీళ్ళు, చల్లటి గాలి, నాచు వాసన. ముప్పై ఏళ్ళలో ఆయన ఎన్ని గోతుల్లో దిగాడో లెక్కలేదు. దిగాడు, పని చూసుకున్నాడు, ఎక్కాడు. ఒక్కనాడూ కూర్చోలేదు. మొదటి రెండు నిమిషాలూ కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదాయనకి.

"ఏం వినపడట్లేదే," అన్నాడు.

"నువ్వొచ్చావు కదా, ఊరుకున్నాయి. కదలకు."

కదలకుండా కూర్చున్నాడు. పైనెక్కడో నీటిబొట్టు జారి గోతిలో పడింది. ఇంకాసేపటికి ఎడమ మూలనుంచి ఒక బొంగురు గొంతు ఒక్కసారి అని ఆగింది. మళ్ళీ అంది.

"ఆయనే," అంది గుప్పెడు గుసగుసగా. "బండగొంతాయన. ఆయన ఎత్తుకుంటే గాని మిగతావాళ్ళు మొదలుపెట్టరు. వింటూ ఉండు."

కుడివైపునుంచి సన్నగా ఇంకొకటి. తరవాత నాలుగో, అయిదో. ఆ ఖాళీ సొరంగం అంతా ఒక్కసారిగా నిండిపోయింది. ఆరంతస్తుల గోడలకి తగిలి చప్పుడు పైకి పోతోంది, కిందికి వస్తోంది. నీళ్ళలో నల్లటి చుక్కల్లా తోకకప్పలు కదులుతున్నాయి. కొన్నిటికి వెనక కాళ్ళు వచ్చాయి, ముందు కాళ్ళు ఇంకా రాలేదు.

"హెడ్‌ఫోన్లో వచ్చే ప్రతి గొంతుకీ నాతో పనుంటుంది నాన్నా. రండి, పంపండి, తొందరగా అని. ఇంటికొస్తే మీ గొంతులూ అంతే. తిన్నావా, పడుకున్నావా, మాత్ర వేసుకున్నావా. వీటికి నాతో ఏ పనీ లేదు. నేనున్నా అరుస్తాయి, లేకపోయినా అరుస్తాయి. అయినా వీటి మధ్య కూర్చుంటే నేనూ వీటిల్లో ఒకదాన్ని అనిపిస్తుంది. ఇక్కడినుంచి పైకొస్తే ఆకలేస్తుంది."

తన భుజాలు కొంచెం కిందికి దిగాయని ఆయనకే తెలిసింది. ఎప్పటినుంచి అలా బిగబట్టుకుని తిరుగుతున్నాడో మరి. ఆ వదులులోనే, నాలుగు రోజులుగా దాచుకున్న మాట పైకి వచ్చింది.

"ఆరో అంతస్తుకి ఎందుకెళ్ళావు తల్లీ?"

గుప్పెడు తల తిప్పలేదు. "నువ్వు చూశావా?"

"దుమ్ము చూశాను." ఇక ఆగితే మళ్ళీ అడగలేనని ఆయనకి తెలుసు. "చచ్చిపోదామని వెళ్ళావా?"

కప్పలు అరుస్తూనే ఉన్నాయి.

"మా పనిలో మొదటి వారమే నేర్పుతారు నాన్నా," అంది కూతురు. "అనుమానం వస్తే చుట్టూ తిప్పకుండా నేరుగా అడగమని. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్నవాళ్ళకి బరువు దిగుతుంది అని. ఎంతమందిని అడిగానో. మనింట్లో నన్ను ఒక్కరూ అడగలేదు."

"ఇప్పుడు అడిగాను కదా."

"అవును నాన్నా. అందుకే వెళ్ళాను. తలుపు తీసి నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. అప్పుడు కిందనుంచి ఈయన అరిచాడు, బండగొంతాయన. ఈ సిమెంటు గొట్టంలో ప్రాణమున్నది ఏముంటుందబ్బా అనిపించింది. తలుపు మూసేసి, ఒక్కో అంతస్తూ దిగుతూ వెతుక్కుంటూ వచ్చాను. కిందికి వచ్చేసరికి, ఎందుకు బయల్దేరానో ఆ సంగతి వెనకబడిపోయింది."

ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. చీకట్లో ఎవరు చూస్తారు.

"ఇప్పుడో? ఉందా ఆ ఆలోచన?"

"లేదని అబద్ధం చెప్పను. రోజూ రాదు. వచ్చిన రోజు ఇక్కడికొచ్చి కూర్చుంటాను."

సరిగ్గా అప్పుడు గోతిలో మోటారు గుర్రుమంది.

పది నిమిషాలు అయిపోయాయి. పైన భార్య చెప్పిన మాట మీద నిలబడింది, అంతే. కప్పలన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నాయి. నీళ్ళు సుడి తిరుగుతూ కిందికి దిగుతున్నాయి, వాటితోపాటు ఆ నల్ల చుక్కలూ.

"ఆపమను నాన్నా."

ఆయన కిటికీ వైపు కేకేశాడు. ఆ మోతలో ఆయన గొంతు ఆయనకే వినపడలేదు. నీళ్ళలో ఉన్న మోటారుని కరెంటు ఉండగా ముట్టుకోకూడదు. అది ఆయనే పదిమందికి నేర్పిన పాఠం. పైకి వెళ్ళి స్విచ్చి కట్టెయ్యాలి. వెళ్ళాలంటే తెరిచిన తలుపు దగ్గర కూతుర్ని వదిలిపెట్టాలి, ఇప్పుడీ మాట విన్న తరవాత. లాక్కుపోదామంటే, గుంజుకుపోవడం ఇందాక ఒకసారి అయింది. రెండోసారి గుంజితే ఇంకెప్పుడూ ఇలా నోరు విప్పదు. బెల్టుతో కట్టేసి పోయినా అంతే.

అరక్షణం ఆలోచించాడు. తరవాత వంగి, కూతురి నడుముకున్న బెల్టు తన చేత్తోనే విప్పాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"నే వెళ్ళి ఆపి వస్తాను. నువ్వు లేచి తలుపు మూసెయ్యి. మూసి, తాళంచెవి పట్టుకుని పైకి రా. నీ దగ్గరే ఉంచుకో దాన్ని."

"సరే నాన్నా," అంది గుప్పెడు. ఆమె మొహం ఆయనకి సరిగా కనపడలేదు.

*

"పిల్లేది?" అంది తల్లి, ఆయన గుమ్మంలోకి రాగానే. స్విచ్చి మీద ఆమె చెయ్యి అలాగే ఉంది. "గదిలో లేదు. మీ అమ్మని అడిగితే దారం ఎక్కించమంటోంది. పిల్లేదండీ?"

"ముందు అది కట్టు."

"కిందుందా? తలుపు తీసి ఉందా? ఒక్కదాన్నే వదిలేసి వచ్చారా?"

"కట్టమన్నానా."

ఆమె చెయ్యి తియ్యలేదు. ఆయనే ఆ చెయ్యి పట్టుకుని పక్కకి జరిపి స్విచ్చి కట్టేశాడు. ఇరవయ్యెనిమిదేళ్ళ సంసారంలో ఆమె చెయ్యి అలా పట్టి లాగడం అదే మొదటిసారి. మోటారు మోత ఆగిపోయింది. బిల్డింగంతా చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం.

"మాట్లాడకు," అన్నాడు. "తలుపు మూసుకున్న చప్పుడు రావాలి."

ఇద్దరూ గుమ్మంలో నిలబడి విన్నారు. నాయనమ్మ కూడా సూది పట్టుకుని వచ్చి, బాగున్న చెవిని మెట్ల వైపు తిప్పింది. ఏ చప్పుడూ లేదు. నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. ఆయన పెదాలు కదులుతున్నాయి, దేవుణ్ణి తలుచుకుంటున్నాడో, అంకెలు లెక్కపెడుతున్నాడో.

టక్కున గడియ పడింది.

ముప్పై ఏళ్ళుగా వింటున్న చప్పుడు. ఆయన మెట్టు మీద కూలబడ్డాడు.

"అదేనా?" అంది భార్య.

"అదే."

"బయటినుంచి మూసిందా, లోపలినుంచా?"

ఆయన ఆమె వైపు చూశాడు. ఆ తలుపు ఎటునుంచి లాగినా అదే చప్పుడు చేస్తుంది. లోపలి అంచు మీద ఒక మనిషి నిలబడేంత చోటు ఉంటుంది. లేచి పరిగెత్తాలని ఉంది, కాళ్ళు లేవడం లేదు.

ఆమే దిగింది. ఒక చేత్తో గోడ పట్టుకుని, మెళ్ళో టేపు ఊగుతుండగా, ఎనిమిది మెట్లు. మలుపు తిరిగేచోట ఆగిపోయింది. కూతురు పైకి వస్తోంది. ఒక చేతిలో తాళంచెవి, రెండో చేతిలో ఇందాక పడిపోయిన ప్యాంట్లు, మడతపెట్టి.

తల్లికి ప్రాణం లేచివచ్చింది. లేచివచ్చిన ప్రాణంతో ఆమె అన్న మొదటి మాట, "అయిదవుతోంది, డాక్టరుగారు చూస్తుంటారు, పద, మొహం కడుక్కో."

"వస్తానమ్మా. రెండు జతల బట్టలూ సర్దు, ఉండమంటే ఉంటాను కూడా. కాని నాన్న నన్ను ఒక మాట అడిగాడు. నువ్వూ అడుగు."

"ఏం మాట?"

"నీకు తెలుసు. అడిగితే వస్తాను."

తల్లి మెళ్ళోని టేపు రెండు చివర్లూ రెండు చేతులతో పట్టుకుంది. పైనున్న భర్త వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు, సాయమూ రాలేదు. నాయనమ్మ సూది కొంగుకి గుచ్చి, కొడుకు పక్కన మెట్టు మీద కూర్చుంది. కింద మూసిన తలుపు వెనక, మిగిలిన నీళ్ళు ఎన్నో, మిగిలిన ప్రాణాలు ఎన్నో, ఏ గొంతూ ఇంకా లేవలేదు.

"నువ్వు..." అంది తల్లి. మళ్ళీ మొదలుపెట్టింది. "నువ్వు... నాకు రావట్లేదే ఆ మాట. నోటికి రావట్లేదు."

కూతురు తొందరపెట్టలేదు. మడతపెట్టిన ప్యాంట్లని మెట్టు మీద పెట్టి, తల్లికి ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడింది.

"మెల్లగా చెప్పమ్మా," అంది. "నేను లైన్లోనే ఉన్నాను."